గాజు తొట్టెలో ఏటి మొగ

వైనతేయ గోదావరి మామిడికుదురు మండలాన్ని ఒరుసుకుంటూ పోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అప్పనపల్లి రేవులో నిలబడి చూస్తే ఆ నీరు రోజంతా ఒక్క తీరున ఉండదు. పోటు వేళ సముద్రం ఎదురొచ్చి ఏరు ఉబ్బుతుంది, పాటు వేళ ఒండ్రు గట్లు బయటపడతాయి. వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చే నీరు సన్నగిల్లితే ఉప్పు ఎగువకు పాకుతుంది. గోదావరికి వరదొస్తే అదే చోట నీరు చప్పబడిపోతుంది. అటు సముద్రమూ కాక, ఇటు మంచినీరూ కాక ఉండే ఇలాంటి చోట బతకడం అన్ని చేపలకూ చేతకాదు. చేతనైన వాటిలో పఫర్ చేప ఒకటి.

వలలో పఫర్ పడితే జాలర్లకు సంతోషమేమీ ఉండదు. విషపు చేప. వండుకోవడానికీ పనికిరాదు, అమ్ముకోవడానికీ పనికిరాదు. పైగా దాని పళ్లకు వల కూడా తెగుతుంది. తీసి అవతల పడేస్తారు. అదే కుటుంబానికి చెందిన బుల్లి చేపను పట్నంలో ఆక్వేరియం షాపువాళ్లు పాలిథిన్ సంచిలో నీళ్లు పోసి, ముడేసి, మంచి ధరకు అమ్ముతారు. కొన్నవాళ్లు ముచ్చటపడి గుండ్రటి గాజు గిన్నెలో కుళాయి నీళ్లు నింపి అందులో వదులుతారు. కొన్నాళ్లకు అది మేత మానేస్తుంది, రంగు నల్లబడుతుంది, ఒకరోజు తేలిపోతుంది. మరీ సున్నితమైన చేప అనుకుని సరిపెట్టుకుంటారు. ఆటుపోట్లనూ వరదలనూ తట్టుకునే చేప సున్నితమైనదెలా అవుతుంది? తేడా నీళ్లలో ఉంది. పఫర్‌ను ఇంట్లో పెంచాలంటే ముందు ఇంట్లో ఒక ఏటి మొగను కట్టుకోవాలి. ఆ విద్య కోనసీమలో రొయ్యల చెరువు చేసే రైతుకు సగానికి సగం వచ్చినట్టే.

ఏ పఫర్?

పఫర్ చేపల కుటుంబం పేరు టెట్రాడాంటిడే. నాలుగు పళ్లవి అని అర్థం. ఇందులో దాదాపు 200 జాతులున్నాయి. ఎక్కువ భాగం సముద్రానివి, కొన్ని ఏటి మొగలవి, కొద్దిపాటి జాతులు మాత్రం పూర్తిగా మంచినీళ్లవి. మన తీరానికి ఇవి పాత చుట్టాలే. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వివరాలు 1803లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. జాలర్ల నోట విన్న పేర్లనే ఆయన రాసుకున్నాడు. పఫర్లు అందులో ‘కప్ప’ అన్న పేరుతో కనిపిస్తాయి. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గురించి రాసిన పుస్తకంలో మరికొన్ని భారతీయ పఫర్లకు శాస్త్రీయ నామాలు పెట్టాడు.

షాపుల్లో ఎక్కువగా రెండు రకాలు దొరుకుతాయి. మొదటిది పసుపుపచ్చ, ఆకుపచ్చ కలిసిన వీపు మీద నల్లటి చుక్కలుండే గ్రీన్ స్పాటెడ్ పఫర్. కొనేటప్పుడు బొటనవేలంత ఉంటుంది, పెరిగితే 15 సెంటీమీటర్లు దాటుతుంది. పిల్లగా ఉన్నప్పుడు మంచినీళ్లకు ఓర్చుకుంటుంది. అందుకే షాపులో మంచినీళ్ల చేపలాగా అమ్ముతారు. ఎదిగే కొద్దీ దానికి ఉప్పు కావాలి. రెండోది బఠాణీ పఫర్. కేరళ నదుల్లో పుట్టిన ఈ చేప రెండు మూడు సెంటీమీటర్లు మించదు. హోరా, నాయర్ అనే శాస్త్రవేత్తలు 1941లో దీన్ని లోకానికి పరిచయం చేశారు. ఇది నూటికి నూరుపాళ్లు మంచినీళ్ల చేప, దీనికి ఉప్పు వేయకూడదు. ఆక్వేరియం వ్యాపారం కోసం నదుల్లోంచి విచ్చలవిడిగా పట్టడం వల్ల, నదులు పాడవడం వల్ల ఇది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ముప్పు ఉన్న జాతుల్లో చేరింది. అందుకే కొనేవాళ్లు తొట్టెల్లో పుట్టిన పిల్లలనే అడిగి తీసుకోవాలి. ‘ఇది ఏ పఫర్?’ అన్న ప్రశ్నకు షాపులో సూటిగా జవాబు రాకపోతే కొనకపోవడమే మేలు. ఒకదానికి ప్రాణమైన నీరు రెండోదానికి ప్రాణగండం.

పెరుగుతూనే ఉండే పళ్లు

గ్రీన్ స్పాటెడ్ పఫర్ నత్తను వేటాడటం చూసి తీరాలి. అది మిగతా చేపల్లా తోక ఊపుతూ దూసుకుపోదు. పక్క రెక్కలు, వీపు రెక్క, అడుగు రెక్క గబగబా ఆడిస్తూ నీళ్లలో ఒకేచోట నిలబడుతుంది. వెనక్కీ పోగలదు. రెండు కళ్లూ దేనికదే తిరుగుతాయి. ఒకటి నత్త మీద ఉంటే మరొకటి గాజు బయట నిలబడ్డ మనిషి మీద ఉంటుంది. నత్త గుల్లలోకి ముడుచుకుంటే తొందరపడదు. కాస్త పక్కకు జరిగి కాచుకుంటుంది. నత్త మెత్తటి ఒళ్లు బయటపెట్టగానే ఒక్క కాటు. గుల్ల పగిలిన చప్పుడు గాజు ఇవతలికి వినిపిస్తుంది. మాంసం లోపలికి పోతుంది, పెంకు ముక్కలు బయటికి వస్తాయి.

ఆ కాటుకు బలం నాలుగు పళ్లది. పైన రెండు, కింద రెండు, అవి అతుక్కుపోయి చిలక ముక్కులా ఏర్పడతాయి. మూల కణాల నుంచి కొత్త దంతపు పొరలు ఒకదాని కింద ఒకటి పుడుతూ ఈ ముక్కు జీవితాంతం పెరుగుతూనే ఉంటుందని 2017లో బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వివరించారు. ఏటిలో నత్తలూ పీతలూ గుల్లలూ కొరకడం వల్ల ముక్కు ఎప్పటికప్పుడు అరుగుతుంది. తొట్టెలో షాపు మేత గుళికలే వేస్తే అరగదు. పైముక్కు, కిందిముక్కు పెరిగి పెరిగి నోరు తెరవడానికే అడ్డొస్తాయి. అప్పుడు ఎదురుగా తిండి ఉన్నా చేప పస్తులుండి చచ్చిపోతుంది. చేయితిరిగిన పెంపకందార్లు లవంగ నూనె కలిపిన నీళ్లలో చేపను కాసేపు మత్తులో ఉంచి ముక్కు కత్తిరిస్తారు. అది నేర్చినవాళ్లు చేయాల్సిన పని. అంతవరకూ రాకుండా చూసుకోవడం మన చేతిలో పని.

కోనసీమలో ఈ మేతకు కరువు లేదు. చిన్న నత్తలు, పెంకుతో ఉన్న రొయ్య, గుల్లలు, పీత కాళ్లు అన్నీ పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త ఉంది. పురుగుమందు కొట్టిన చేలోంచి, మందులు వాడే చెరువు పక్క బోదెలోంచి నత్తలను ఏరి తేకూడదు. విడిగా ఒక ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, కూరాకు వేస్తే నత్తలు వాటంతటవే పెరుగుతాయి. మైలుతుత్తం లాంటి రాగి కలిసిన మందుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పఫర్ ఒంటికి పొలుసులుండవు. వేరే చేపలకు పనిచేసే మోతాదు దీనికి విషమవుతుంది.

ఉబ్బితే ఏమవుతుంది?

పఫర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది దాని ఉబ్బిన పొట్ట. పెద్ద చేప మింగబోతే గబగబా గుటకలేసి పొట్టను నీళ్లతో నింపేసుకుంటుంది. దీనికోసం దాని ఒంట్లో చాలా మార్పులే జరిగాయి. పక్కటెముకలు లేవు, పొట్ట కింది రెక్కలు లేవు, వాటిని మోసే ఎముకలూ లేవు. మడతలు మడతలుగా ఉన్న జీర్ణాశయం తిండి అరిగించే పని వదిలేసి నీటి సంచిగా మారిపోయింది. చర్మం సాగుతుంది, అందులోని సన్నటి ముళ్లు నిక్కబొడుచుకుంటాయి. మింగడానికి వచ్చిన చేప నోటికి అది పట్టదు.

ఉబ్బినప్పుడు పఫర్ ఊపిరి బిగబడుతుందని చాలాకాలం అనుకున్నారు. 2014లో ఆస్ట్రేలియాలో జార్జియా మెక్‌గీ, తిమోతీ క్లార్క్ అనే పరిశోధకులు పగడపు దిబ్బల దగ్గర బతికే ఒక పఫర్ జాతిని తీసుకుని దాని ప్రాణవాయువు వాడకాన్ని కొలిచారు. ఉబ్బి ఉన్నంతసేపూ మొప్పలు పనిచేస్తూనే ఉన్నాయి. వాడకం మామూలు కంటే ఐదు రెట్లు పెరిగింది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి సగటున ఐదు గంటలకు పైగా పట్టింది. అంటే ఉబ్బడం చేపకు ఆట కాదు, పెను శ్రమ. వచ్చిన చుట్టాలకు చూపించడానికి పుల్లతో పొడిచి ఉబ్బించడం దాన్ని హింసించడమే. వలతో పైకి లేపితే నీళ్లకు బదులు గాలి మింగుతుంది. ఆ గాలి బయటికి పోక చేప తలకిందులుగా తేలిపోవచ్చు. తొట్టె మార్చాల్సి వస్తే మగ్గుతోనో గిన్నెతోనో నీళ్లతో సహా తీయాలి.

చుక్క నీటిలో లెక్క

ఇక అసలు సంగతి ఉప్పు. చేప ఒంట్లోని ద్రవాల్లో ఉప్పు సుమారు సముద్రపు నీటిలో మూడో వంతు ఉంటుంది. మంచినీళ్లలో ఉన్న చేప ఒంట్లోకి చర్మం నుంచీ మొప్పల నుంచీ నీరు చొరబడుతూనే ఉంటుంది. ఆ నీటిని మూత్రపిండాలు తోడిపోస్తూ ఉండాలి, జారిపోతున్న లవణాలను మొప్పలు తిరిగి పట్టుకుంటూ ఉండాలి. సముద్రంలో ఇదంతా తలకిందులు. ఒంట్లోని నీరు బయటికి పోతుంది కాబట్టి చేప ఉప్పునీళ్లు తాగుతుంది, ఎక్కువైన ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాలు బయటికి నెడతాయి. ఏటి మొగ చేపలకు ఈ రెండు పనులూ వచ్చు. పోటుకు ఒకటి, పాటుకు ఒకటి. కానీ ఏ పనికైనా శక్తి ఖర్చవుతుంది. నీటి ఉప్పు ఒంటి ఉప్పుకు దగ్గరగా ఉన్నప్పుడు ఆ ఖర్చు బాగా తగ్గుతుంది. ఎదిగిన గ్రీన్ స్పాటెడ్ పఫర్‌ను ఏడాదంతా చప్పటి నీళ్లలో ఉంచితే ఆ ఖర్చు దానికి ఒక్కరోజు కూడా తగ్గదు. మెల్లగా నీరసిస్తుంది, రోగాలకు లొంగిపోతుంది.

ఈ కొలత మన రైతులకు కొత్తది కాదు. వెనామీ రొయ్యల చెరువు గట్టు మీద రిఫ్రాక్టోమీటర్ గాజు పలక పైన ఒక్క నీటి చుక్క వేసి, మూత వాల్చి, వెలుతురుకు ఎత్తి కంటికి ఆనించుకుంటారు. లోపల పైన నీలం, కింద తెలుపు. ఆ రెండూ కలిసే గీత ఏ అంకె మీద ఉంటే అదే సెలినిటీ. వెయ్యి గ్రాముల నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పుంటే అన్ని పీపీటీ. సముద్రం 35 దరిదాపుల్లో ఉంటుంది. ఎదిగిన గ్రీన్ స్పాటెడ్ పఫర్‌కు 10 నుంచి 15 మధ్య ఉంటే హాయి.

లెక్క వేసి చూద్దాం. ఒక్క చేపకు మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగుంపావు లోతు తొట్టె కావాలి. అందులో సుమారు 130 లీటర్లు పడతాయి. 10 పీపీటీ కావాలంటే కేజీ 300 గ్రాముల ఉప్పు వేయాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు నీటిలో సోడియంతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, కార్బనేట్లు కూడా ఉంటాయి కాబట్టి ఆక్వేరియం షాపులో దొరికే మెరైన్ సాల్ట్ వాడాలి. తీరం పక్క ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది కదా, అదే పోసేద్దాం అనుకోవడమూ పొరపాటే. ఉప్పగా ఉన్నంత మాత్రాన ఆ నీటిలో సముద్రపు పాళ్లు ఉండవు.

ఉప్పును ఒక్కసారిగా పెంచకూడదు. బకెట్ నీళ్లలో ముందే కరిగించి, వారానికి రెండు పీపీటీ చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఎండాకాలంలో తొట్టె నీరు తగ్గితే మంచినీళ్లతోనే నింపాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. మే నెలలో చెరువు సెలినిటీ ఎందుకు పెరుగుతుందో తెలిసినవాళ్లకు ఈ మాట చెప్పనక్కర్లేదు.

కంటికి కనపడని పనివాళ్లు

రొయ్యల రైతుకు నిద్రపట్టనివ్వని మరో మాట అమ్మోనియా. తొట్టెలోనూ అంతే. పఫర్ మాంసాహారి, పైగా చిందరవందరగా తింటుంది. మిగిలిన మాంసం కుళ్లినా, చేప మొప్పలు వదిలినా వచ్చేది అమ్మోనియానే. దాన్ని కొన్ని బ్యాక్టీరియాలు నైట్రైట్‌గా మారుస్తాయి, అదీ విషమే. మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి, దాని వల్ల హాని బాగా తక్కువ. ఈ బ్యాక్టీరియా ఫిల్టరులోని స్పాంజికి, తొట్టె ఇసుకకు అంటుకుని బతుకుతుంది. కొత్త తొట్టెలో అది ఉండదు. స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

కొత్త తొట్టె, కొత్త నీళ్లు, కొత్త చేప అన్నీ ఒకే సాయంత్రం ఇంటికి వస్తే చేప తన విసర్జనలోనే ఉక్కిరిబిక్కిరవుతుంది. ముందు తొట్టె నింపి, ఫిల్టర్ ఆడించి, చిన్న రొయ్య ముక్క వేసి కుళ్లనివ్వాలి. రోజూ అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేసుకుంటూ పోవాలి. రెండూ పెరిగి మళ్లీ సున్నాకు దిగాక చేపను తేవాలి. ఆ తరవాత కూడా వారం వారం పావు వంతు నుంచి సగం దాకా నీరు మార్చాలి. కొత్త నీటి సెలినిటీ పాత నీటితో సమానంగా ఉండాలి. కుళాయి నీళ్లయితే ముందు క్లోరిన్ విరిచేయాలి. క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది, ఈ బ్యాక్టీరియాను కూడా చంపుతుంది.

ఉప్పు కలిసిన నీటి పీహెచ్ 8 పైన ఉంటుంది. పీహెచ్ పెరిగే కొద్దీ, నీరు వేడెక్కే కొద్దీ అమ్మోనియా విషం ముదురుతుంది. అందువల్ల మంచినీళ్ల తొట్టెలో చేప తట్టుకునే అమ్మోనియా ఈ తొట్టెలో తట్టుకోలేదు. కరెంటు పోయినప్పుడు వచ్చే చిక్కు కూడా ఇక్కడే. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. ఫిల్టర్ ఆగితే చేపకే కాదు, ఆ బ్యాక్టీరియాకీ ఊపిరాడదు. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో ఉండి తీరాలి. చెరువు దగ్గర డీజిల్ ఇంజను ఎందుకు పెట్టుకుంటారో ఇదీ అందుకే.

విషం సంగతి

ఇంట్లో పిల్లలున్నారు, విషపు చేపను పెట్టుకోవచ్చా? పఫర్ విషం పేరు టెట్రోడోటాక్సిన్. 1909లో జపాన్ శాస్త్రవేత్త యోషిజుమి తహారా దీనికి ఆ పేరు పెట్టాడు. అది ఎలా చంపుతుందో 1964లో తోషియో నరహాషి బృందం తేల్చింది. నరం వెంట సంకేతం పోవాలంటే నరకణం పొరలోని సన్నటి దారుల గుండా సోడియం లోపలికి రావాలి. పొలం కాలువ తూముకు దుంగ అడ్డం పడితే చేలోకి నీరు దిగనట్టు, టెట్రోడోటాక్సిన్ ఆ దారికి అడ్డం పడుతుంది. పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి. కాళ్లూ చేతులూ పడిపోతాయి. చివరికి ఊపిరి తీయించే కండరాలు ఆగిపోతాయి. మనిషి ప్రాణం తీయడానికి ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలు. ఉడికించినా, వేయించినా పోదు. విరుగుడు మందు లేదు. వెంటనే ఆస్పత్రిలో చేర్చి కృత్రిమ శ్వాస ఇస్తే బతికే అవకాశం ఉంటుంది. 2008లో బంగ్లాదేశ్‌లో పఫర్ కూర తిని 141 మంది ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్లలో 17 మంది చనిపోయారు.

ప్రమాదమంతా తినడంలోనే ఉంది. తొట్టె నీళ్లలో చేయి పెట్టినంత మాత్రాన విషం ఎక్కదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. పెద్ద పఫర్ నోటి దగ్గర మాత్రం వేలు పెట్టకూడదు, తోలు ఊడి వస్తుంది. చచ్చిన చేపను పిల్లికీ కుక్కకూ అందకుండా లోతుగా పాతిపెట్టాలి. మరో విశేషం. ఈ విషాన్ని చేప తనంతట తాను తయారు చేసుకోదు. బ్యాక్టీరియా తయారు చేసే విషం నత్తలూ గుల్లలూ లాంటి మేత ద్వారా చేప ఒంట్లో పోగుపడుతుంది. విషం లేని మేతతో పెంచిన జపాన్ పఫర్లలో విషం కనపడలేదు. అయినా తొట్టెలో పెరిగిందే కదా అని ఎవరూ రుచి చూడకూడదు. అది తొట్టెలో పుట్టిందో ఏటిలో పట్టిందో కంటితో చూసి చెప్పలేం.

విషానికి అవతల ఈ చేప సైన్సుకు చేసిన మేలూ ఉంది. గ్రీన్ స్పాటెడ్ పఫర్ జన్యుపటాన్ని 2004లో నేచర్ పత్రిక ప్రచురించింది. మనిషి జన్యుపటంలో 300 కోట్ల అక్షరాలుంటే దీనిలో 35 కోట్ల దరిదాపుల్లోనే ఉన్నాయి. అప్పటికి తెలిసిన వెన్నెముక జీవులన్నిటిలో ఇదే చిన్నది. జన్యువుల సంఖ్య మాత్రం మనతో పోల్చదగినంత ఉంది. అనవసరపు మేర తక్కువ కాబట్టి, మనిషి జన్యువులను గుర్తించడానికి ఈ ఆక్వేరియం చేప శాస్త్రవేత్తలకు దారి చూపింది.

కొనేముందు

పఫర్‌కు తోడు వెతకక్కర్లేదు. కలిపి పెంచిన చేపల రెక్కలు, తోకలు కొరికేస్తుంది. గ్రీన్ స్పాటెడ్ పఫర్ ఒంటరిగానే ఉండాలి. సరిగ్గా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతుంది. ఇవాళ కొన్నవాళ్లు అప్పటిదాకా దాని బాధ్యత మోయాలి. విసుగొస్తే కాలువలో వదిలేయడం పరిష్కారం కాదు. ఆక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ చేప ఆంధ్ర చెరువుల్లోకీ కాలువల్లోకీ చేరి వలలు చింపుతూ, మన చేపల మేత తింటూ ఎంత తలనొప్పి తెచ్చిందో చేపల రైతులను అడిగితే చెబుతారు. వైనతేయలో దొరికిన పఫర్‌ను పట్టి తెచ్చి తొట్టెలో వేయడం కూడా తగదు. మొగల్లో తిరిగే పఫర్లలో అడుగు పొడవు దాటి పెరిగేవి ఉన్నాయి. ఒంట్లో విషంతో, పరాన్నజీవులతో వస్తాయి కూడా.

ఖర్చులో చేప ధర చిన్నది. తొట్టె, ఫిల్టర్, మెరైన్ సాల్ట్, పరీక్ష కిట్లు, రిఫ్రాక్టోమీటర్, బ్యాటరీ పంపు కలిస్తే ఎన్నో రెట్లు అవుతుంది. చెరువున్న ఇంట్లో ఆఖరి రెండూ ఇప్పటికే ఉండొచ్చు. అమ్మోనియా చూడాల్సి వస్తే చెరువు నీళ్లు పట్టుకెళ్లే ఆక్వా ల్యాబ్‌కే ఒక సీసా తొట్టె నీళ్లు కూడా పట్టుకెళ్లవచ్చు. ఉప్పు కొలిచే ఓపిక, అమ్మోనియా చూసుకునే అలవాటు, ఆరు వారాలు ఖాళీ తొట్టెను నడిపే నిదానం ఉన్నవాళ్లు పఫర్‌ను నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. లేనివాళ్లు నాలుగు గప్పీలను తెచ్చుకుంటే మంచిది. అవి మంచినీళ్లలో సుఖంగా ఉంటాయి, మనమూ సుఖంగా ఉంటాం.